డాక్టరు చెప్పనిది కోచ్ ఏం చెబుతుంది?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 46 ఏళ్ళు. కూర్మన్నపాలెంలో ఉంటాం. మావారిది స్టీల్ ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగం. సంక్రాంతి వెళ్ళాక పరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగరు 6.2 వచ్చింది. డాక్టరు గారు "ఇంకా మందులు అక్కర్లేదు, బరువు తగ్గండి, నడవండి, అన్నం తగ్గించండి" అన్నారు. వారం నడిచాను. మావారికి సి షిఫ్టు పడేసరికి ఆగిపోయింది. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి అక్కడే ఉన్న ఒక హెల్త్ కోచ్‌తో మాట్లాడింది. వారానికోసారి వీడియో కాల్, నెలకు 4,000. డబ్బు తనే కడతానంటోంది గానీ నాకు మనసొప్పడం లేదు. డాక్టరు గారు చెప్పిన మాటే మళ్ళీ ఇంకొకరితో చెప్పించుకోవడానికి నెలనెలా డబ్బు పోయాలా?
– ఒక గృహిణి, కూర్మన్నపాలెం

జవాబు: మీ లెక్కలో తప్పేం లేదమ్మా. విన్న మాటే మళ్ళీ వినడానికైతే నాలుగు వేలు కాదు, నాలుగు రూపాయలైనా దండగే. అన్నం తగ్గించాలని, నడవాలని తెలియని మనిషి ఈ రోజుల్లో గాజువాక జంక్షన్లో నిలబడి వెతికినా దొరకరు.

అయితే మీ ఉత్తరంలో నా చూపు ఆగింది ఇంకోచోట. "మావారికి సి షిఫ్టు పడేసరికి ఆగిపోయింది" అన్నారు చూడండి, అక్కడ. డాక్టరు గారి మాటకీ మీ కాళ్ళకీ మధ్య అడ్డం పడింది ఆ సి షిఫ్టే, ఆ రాత్రి డ్యూటీయే. కోచ్ అనే మనిషికి పనంటూ ఉంటే దానితోనే.

నేను షుగరు క్లినిక్కులో ఇరవై ఏళ్ళకు పైగా నర్సుగా చేసి, ఆ తర్వాత నేనూ ఈ హెల్త్ కోచ్ పనిలోకి వచ్చాను. డాక్టరు గదిలోంచి చీటీ పట్టుకుని బయటికొచ్చినవాళ్ళు నా బల్ల దగ్గర ఆగి అడిగేవన్నీ ఒక్క తీరుగా ఉండేవి. "మా అత్తగారు ఏడింటికే తినేస్తారు, నేను ఆయనొచ్చేదాకా ఆగాలి, మరెలాగమ్మా?" "మాది కేటరింగండి, రుచి చూడకుండా ఎలా వడ్డిస్తాం?" లోపల డాక్టరు గారికి మనిషికి ఐదు నిమిషాలు దొరికితే గొప్ప. ఇవన్నీ అడిగే తీరిక ఆయనకెక్కడిది? చీటీలో రాసే జాగా అసలే లేదు.

మీ ఇల్లే చూద్దాం. ఊహించే రాస్తున్నాను గానీ, ప్లాంటు ఉద్యోగుల ఇళ్ళు నాకు కొత్త కాదు. ఎ షిఫ్టు ఉన్నప్పుడు ఆయన తెల్లారకముందే బయల్దేరాలి. క్యారేజీ కట్టి పంపేసరికి మీరు నడిచే వేళ దాటిపోతుంది. సి షిఫ్టు ఉన్నప్పుడు పొద్దున్నే ఇల్లు చేరి, టిఫిన్ తిని పడుకుంటారు. ఇక ఇంట్లో కుక్కరు కూత కూడా వినబడకూడదు. ఆయనతో పాటు పొద్దున ఓసారి, ఆకలేసి మధ్యాహ్నం ఓసారి, ఆయన లేచి తింటుంటే ఊరికే కూర్చోలేక తోడుగా ఓసారి, రాత్రి పిల్లాడితో ఓసారి. మూడు పూటలు ఎప్పుడు నాలుగయ్యాయో మీకే తెలియదు. కాబట్టి మంచి కోచ్ మొదట అడగాల్సింది "ఏం తింటారు" అని కాదు, "ఈ వారం ఏ షిఫ్టు" అని. అడిగి, సి షిఫ్టు రోజులకి ఒక పద్ధతి, మిగతా రోజులకి ఒక పద్ధతి మీ నోటితోనే చెప్పించాలి. ఆయన నిద్రపోతున్నప్పుడు మధ్యాహ్నం తిన్నాక వరండాలోనే పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరిగినా లెక్కలోకే వస్తుంది. తిన్నాక కాసేపు నడిస్తే అప్పుడు పెరగాల్సిన షుగరు అంతగా పెరగదు. బెంగళూరులో కూర్చుని "వైజాగే కదా, హాయిగా బీచ్‌లో నడవండి" అంటే మాత్రం నవ్వి ఊరుకోండి. కూర్మన్నపాలెం నుంచి ఆర్కే బీచ్‌కి వెళ్ళి రావడమంటే సగం పూట మాట.

ఒకావిడ సంగతి చెబుతాను, ఆవిడ ఒప్పుకున్నారు కాబట్టే. మర్రిపాలెం. ఆవిడ "రాత్రి కప్పు అన్నమేనండీ తింటాను" అనేవారు. షుగరు చూస్తే ఆ మాటకి పొంతన లేదు. ఒకరోజు వీడియోలో "ఆ కప్పు ఓసారి చూపించండి" అన్నాను. తెచ్చారు. కప్పు నిజంగా చిన్నదే. "దీంతో పప్పులోకి పెట్టుకుంటాను" అన్నారు. చారులోకి? "చారులోకి కొంచెం." పెరుగులోకి? ఆవిడ నవ్వేశారు. "పెరుగన్నం కూడా లెక్కేనాండీ?" మన ఇళ్ళలో అన్నం లెక్క ఇలాగే ఉంటుంది. పప్పన్నం ఒక్కటే అన్నం. చారన్నం అరగడానికి, పెరుగన్నం చలవకి. అప్పుడు నేను "పెరుగన్నం మానేయండి" అని ఉంటే ఆవిడ సరేనని తలూపి, ఆ రాత్రే తినేవారు. "ఈ మూడింట్లో ఏది లేకపోతే మీకు నిద్ర పట్టదు?" అని అడిగాను. పెరుగన్నమే అన్నారు. అయితే అదే ఉంచుకోండి, మిగతా రెంటి సంగతి మీరే చెప్పండి అన్నాను. కాసేపు ఆలోచించి, ముందు బీరకాయ కూరో వంకాయ కూరో ఒట్టిది గిన్నెడు తినేస్తానని, పప్పు చెంచాతో తింటానని, అన్నం ఒక్క పెరుగులోకే పెట్టుకుంటానని ఆవిడే తేల్చారు. "చేయగలనని పదికి ఎంత నమ్మకం?" అంటే "ఆరు" అన్నారు. "మూడో నాలుగో కాకుండా ఆరెందుకు చెప్పారు?" అని అడిగాను. "మా అబ్బాయి కూడా కూర ఇష్టంగానే తింటాడు, వేరే వంట అక్కర్లేదు" అన్నారు. తను చేయగలనని తన కారణాలే తను చెప్పుకున్నారన్నమాట.

ఈ ప్రశ్నలు నేను కనిపెట్టినవి కావు. విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు తాగుడు మానాలనుకునేవాళ్ళతో పనిచేస్తూ 1983లో ఈ పద్ధతి గురించి రాశాడు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పెంచాడు. మారమని బలవంతపెట్టే కొద్దీ మనిషి మారకపోవడానికి కారణాలు వెతుక్కుంటాడు, అదే మారడానికి కారణాలు తన నోటితో తను చెప్పుకుంటే కాలు కదుపుతాడు అన్నది దాని సారం. మన అత్తగార్లకిది ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఇదంతా మాటలేనా, పనిచేస్తుందా అంటారు. మీ 6.2 అనేది షుగరు వ్యాధికి గుమ్మం ముందున్న అంకె. 5.7 నుంచి 6.4 దాకా ఆ గుమ్మమే, 6.5 అయితే లోపల అడుగు పెట్టినట్టు. గుమ్మంలో ఉన్నవాళ్ళ మీదే అమెరికాలో పెద్ద పరిశీలన చేసి 2002లో ఫలితాలు వేశారు. ఒక్కొక్కరికి ఒక కోచ్‌ని పెట్టి, బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టారు. మామూలు సలహాతో వదిలేసినవాళ్ళతో పోలిస్తే వాళ్ళలో షుగరు వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్ళలో తగ్గింది 31 శాతమే. మన దగ్గర చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం ఇలాంటిదే చేసి 2006లో వేసింది. అక్కడ వీడియోలూ యాప్‌లూ లేవు. నెలకోసారి ఫోను, ఆరు నెలలకోసారి ఎదురుగా కూర్చుని మాట్లాడటం, అంతే. మూడేళ్ళలో, మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో 55 శాతం మందికి షుగరొస్తే, వీళ్ళలో 39 శాతం మందికి వచ్చింది. అంటే వెంటబడి అడిగినా నూటికి 39 మందికి వచ్చిందన్నమాట, అదీ మర్చిపోవద్దు. కోచ్‌ని పెట్టుకుంటే షుగరు రాదని ఎవరైనా రాసిస్తానంటే ఆ కాగితం వాళ్ళకే తిరిగిచ్చేయండి. మీవారికి కూడా ఒక మాట: ఆ బృందమే 2013లో వేసిన ఇంకో పరిశీలనలో, మన దక్షిణాదిలో పరిశ్రమల్లో పనిచేసే, ఈ గుమ్మంలోనే ఉన్న మగవాళ్ళకి ఫోన్లో మెసేజులు పంపుతూ గుర్తుచేస్తే, రెండేళ్ళలో షుగరొచ్చినవాళ్ళు 18 శాతం, మెసేజులు రానివాళ్ళలో 27 శాతం.

ఇక మీ అమ్మాయి డబ్బు సంగతి. నా సలహా: మూడు నెలలకే ఒప్పుకోండి. రక్తపరీక్ష చూపించేది మూడు నెలల సగటు కాబట్టి అప్పుడు మళ్ళీ చేయించి, మీ డాక్టరు గారికి చూపించండి. ఇప్పుడు మీరు 70 కిలోలుంటే ఐదు కిలోలు తగ్గితే చాలు, పాతిక అక్కర్లేదు. నడుము కొలత ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్ల లోపుండాలి. టేపు మీ కుట్టుమిషను దగ్గరే ఉంటుంది, బొడ్డు దగ్గర కొలిచి రాసిపెట్టుకోండి. మూడు నెలలయ్యాక కోచ్ లేకుండా మీ అంతట మీరు సాగించగలగాలి. అలా తయారు చేయకపోతే ఆవిడ మీకు పని నేర్పినట్టు కాదు, మిమ్మల్ని తనకి అలవాటు చేసుకున్నట్టు. మొదటి కాల్‌లో ఒకటి గమనించండి: మీరెక్కువ మాట్లాడారా, ఆవిడెక్కువ మాట్లాడిందా? ఆవిడే ఎక్కువైతే రెండో కాల్‌కి డబ్బు కట్టొద్దు.

ఇంకొకటి, ఇది మీ అమ్మాయికి నచ్చకపోవచ్చు. డబ్బు తను కడుతోంది కదా అని మీ సంగతులన్నీ వారం వారం కోచ్ తనకి చేరవేయకూడదు. ముందే ఖరాఖండిగా చెప్పండి. "అమ్మా, నిన్న స్వీటు తిన్నావటగా" అని బెంగళూరు నుంచి ఒక్క ఫోనొస్తే చాలు, మరుసటి వారం నుంచి మీరు కోచ్‌కి అబద్ధాలు చెప్పడం మొదలుపెడతారు.

ప్రశ్న: నాకు 52. పరవాడ వైపు ఒక కంపెనీలో సూపర్‌వైజర్ని. ఆరేళ్ళుగా బీపీ మాత్ర వాడుతున్నాను. మా కాలనీలో ఒకాయన వెల్‌నెస్ కోచ్‌నంటూ పరిచయమయ్యాడు. పొద్దున, రాత్రి తిండికి బదులు షేక్ పౌడర్ తాగమన్నాడు. నలభై రోజుల్లో బీపీ మాత్ర అవసరమే ఉండదన్నాడు. డబ్బాలకి పదకొండు వేలయ్యాయి. నాలుగు కిలోలు తగ్గిన మాట నిజమే. పది రోజుల క్రితం మాత్ర మానేశాను. తల బరువుగా ఉంటోంది. "విషం బయటికి పోతోంది, అలాగే ఉంటుంది" అంటున్నాడు. కొనసాగించమంటారా?
– పేరు వద్దు, పరవాడ

జవాబు: బాబూ, మిగతాది తర్వాత చదువుదురుగాని, ముందు దగ్గర్లో ఎక్కడున్నా సరే ఈరోజే బీపీ చూపించుకోండి. మీ పాత డాక్టరు గారి దగ్గరికెళ్ళి మానేసిన సంగతి దాచకుండా చెప్పండి. పది రోజులవీ కలిపి ఒకేసారి మింగేయొద్దు. ఎలా మొదలుపెట్టాలో ఆయనే చెబుతారు. ఈలోగా తలనొప్పి విపరీతమైనా, గుండెల్లో నొప్పి వచ్చినా, మాట ముద్దగా వచ్చినా, ఒకవైపు చెయ్యో కాలో పట్టు తప్పినా ఎవరినీ అడగకుండా 108కి ఫోన్ చేయండి.

విషం బయటికి పోవడం గట్రా ఏమీ లేదు. దానికి లివరు, కిడ్నీలు పగలూ రాత్రీ డ్యూటీ చేస్తూనే ఉన్నాయి. రెండు పూటలు తిండి మానేస్తే నాలుగు కిలోలు ఎవరైనా తగ్గుతారు. తిండి మళ్ళీ మొదలుపెట్టగానే ఆ కిలోలు తిరిగి ఇంటికొస్తాయి. బరువు తగ్గితే నిజంగానే బీపీ కొంత దిగుతుంది, మాత్ర మోతాదు తగ్గించే అవకాశమూ ఉంటుంది. తగ్గించాల్సింది మాత్రం మాత్ర రాసిన మనిషి, పౌడర్ అమ్మిన మనిషి కాదు.

ఆయన కోచ్ కాదండీ, ఏజెంటు. నాకు ఈ రకం మీద కోపం ఎక్కువ, అందుకే కొంచెం కటువుగా రాస్తున్నాను. కోచ్ దగ్గర అమ్మకానికి సరుకుండకూడదు. సరుకుందంటే మీ ఇబ్బంది ఏదైనా సరే, జవాబు ఎప్పుడూ ఆ డబ్బాలోనే ఉంటుంది. డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుందని చూపిస్తాడు. అది ఆహార పదార్థంగా అమ్ముకోవడానికి లైసెన్సు, జబ్బు నయం చేస్తుందని కితాబు కాదు. షుగరు, బీపీ లాంటి జబ్బులు నయం చేస్తామని మందుల పేరుతో ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. ఆయన పంపిన వాట్సాప్ మెసేజులు, డబ్బు కట్టిన వివరాలు చెరిపేయకండి. 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్ళు ఫిర్యాదు రాసుకుంటారు. పదకొండు వేలూ వెనక్కొస్తాయని మాటివ్వలేను గానీ, మీ కాలనీలో ఇంకో నలుగురు కొనకుండా ఆగుతారు.

బీపీకి మీ చేతిలో ఉన్నది ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా. అందులోనే ఆవకాయ, అప్పడం, ఎండుచేప, క్యాంటీన్ సాంబారు అన్నీ రావాలి. ఎండుచేపంటే ఇష్టమైతే అది తిన్న రోజు పచ్చడి జోలికి పోవద్దు. కోచ్ లేకుండానే ఈ ఒక్కటీ మొదలుపెట్టొచ్చు.

ప్రశ్న: అక్కా, నాకు 27. మధురవాడలో ఉంటాను. సాఫ్ట్‌వేర్, అమెరికా టైములో పని. రెండు నెలలుగా తెల్లారేదాకా నిద్ర రాదు. దేనిమీదా ఆసక్తి లేదు. ఫ్రెండ్స్ రుషికొండ వెళ్దామన్నా లేవబుద్ధి కాదు. ఆరు కిలోలు తగ్గాను, కావాలని కాదు. అమ్మ "ఎవరైనా వెల్‌నెస్ కోచ్ దగ్గరికి వెళ్ళు, టైమ్‌టేబుల్ వేసి పెడతారు" అంటోంది. మీరు తీసుకుంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: ఇప్పుడు తీసుకోను తమ్ముడూ. రెండు నెలలుగా నిద్ర లేదు, ఆసక్తి లేదు, కోరుకోకుండా ఆరు కిలోలు పోయాయి. ఇది టైమ్‌టేబుల్‌తో తేలే వ్యవహారం కాదు. నీకు కావాల్సింది ముందు డాక్టరు. థైరాయిడ్, షుగరు, రక్తహీనత, బి12 లాంటివి చూస్తారు. వాటిల్లో ఏదో ఒకటి దొరకొచ్చు. ఏమీ దొరక్కపోతే మానసిక వైద్యుడి దగ్గరికి పంపిస్తారు, మొహమాటపడకుండా వెళ్ళు. కేజీహెచ్‌లో, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, ఆ విభాగం ఉంది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు చెబితే ఈ ఊళ్ళో ఇంకా వెక్కిరించేవాళ్ళున్నారని తెలుసు. నిద్ర పట్టక తెల్లార్లూ కూర్చునేది వాళ్ళు కాదు కదా.

ఈ రాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలి మానస్. డబ్బక్కర్లేదు, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, పొద్దుట దాకా ఆగకుండా ఫోన్ చెయ్యి, అమ్మని లేపు.

వైద్యం మొదలై కాస్త కుదుటపడ్డాక, అమెరికా టైము ఉద్యోగంతో నిద్ర ఎలా కుదుర్చుకోవాలి, డ్యూటీలో ఎన్నింటి తర్వాత కాఫీ ఆపాలి, పగలు గదిలో వెలుతురు ఎలా తగ్గించాలి అన్నవి నాలాంటివాళ్ళ పని. అప్పుడు రాయి.

ప్రశ్న: బీఎస్సీ న్యూట్రిషన్ పూర్తి చేశాను. ఆన్‌లైన్‌లో ఆరు వారాల హెల్త్ కోచ్ సర్టిఫికెట్ కోర్సు ఉంది. చేస్తే ప్రాక్టీసు పెట్టుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, సీతమ్మధార

జవాబు: హెల్త్ కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి మన దేశంలో ప్రత్యేకంగా లైసెన్సంటూ లేదు తల్లీ. ఆ కోర్సు చేయకపోయినా పెట్టుకోవచ్చు, తంటా అంతా అక్కడే. పై ఉత్తరంలో పౌడర్లమ్మిన ఆయన పెట్టుకున్నదీ ఆ బోర్డే. డైటీషియన్లు, న్యూట్రిషనిస్టుల సంగతి వేరు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వాళ్ళని లెక్కలోకి తీసుకుంది. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ ఇచ్చే ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) గుర్తింపు ఆసుపత్రుల్లో చెల్లుతుంది. నీ చదువుకి ముందు ఆ దారి చూసుకో. పైచదువు, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్, పరీక్ష అన్నీ ఉంటాయి, త్వరగా అవదు.

కోచింగ్ విడిగా నేర్చుకోవాలనుంటే, ఆరు వారాల సర్టిఫికెట్ ఏపాటిదో తెలియడానికి ఒక కొలత చెబుతాను. అమెరికాలో హెల్త్ కోచ్‌లకి 2017 నుంచి జాతీయ బోర్డు పరీక్ష ఉంది. దానికి కూర్చోవాలంటే గుర్తింపున్న కోర్సుతో పాటు, మనుషులతో నిజంగా చేసిన 50 సెషన్ల లెక్క చూపించాలి. ఒక్కో సెషన్ కనీసం 20 నిమిషాలు, అందులో ఎక్కువ భాగం సలహాలివ్వడం కాకుండా అవతలి మనిషి చేత మాట్లాడించడమే అయ్యుండాలి. నీ కోర్సువాళ్ళని అడుగు, మనుషులతో ఎన్ని సెషన్లు చేయిస్తారో, పక్కన కూర్చుని ఎవరు దిద్దుతారో. "రికార్డెడ్ వీడియోలుంటాయి" అంటే ఫీజు కట్టకు. ఈలోగా మీ ఇంట్లో ఎవరో ఒకరి చేత వాళ్ళ మోకాళ్ళ నొప్పి గురించో గ్యాస్ గురించో ఇరవై నిమిషాలు చెప్పించుకో, మధ్యలో ఒక్క సలహా కూడా ఇవ్వకుండా. అది కుదిరితే మళ్ళీ ఉత్తరం రాయి, ఏ కోర్సో అప్పుడు చూద్దాం.